మా దుకాణం ఎవరు తెరుస్తారు

పోయిన నెల హనుమకొండలో ఒక ప్రాథమిక పాఠశాల వాళ్ళు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. పత్రికలో పనిచేసి రిటైరైన మనిషికి ఈ వయసులో సులువుగా దొరికే పదవి అదే. శాలువాలు ఇంట్లో ఎక్కువైపోయి, ఒకటి కుట్టు మిషను మీద, ఒకటి ఇన్వర్టర్ మీద కప్పాం. ఆ రోజు పిల్లలు తాము స్వయంగా చూసిన విషయాల మీద రాసిన వ్యాసాలు చదివారు. కథలు కావు, పద్యాలు కావు. ఒకడు వాళ్ళ వీధిలోకి చెత్త బండి ఎలా వస్తుందో, దాని పాట వినపడగానే ఎవరెవరు పరిగెత్తుతారో రాశాడు. ఇంకొక పిల్ల వాళ్ళ నాన్న ఆటో టైరుకు పంక్చర్ ఎలా వేస్తారో రాసింది. అన్నీ విన్నాక నేను లేచి, ముఖ్య అతిథులందరూ చెప్పే మాటే చెప్పాను: మా కాలంలో చదువు ఇంత సుఖంగా లేదు, ఎండనక వాననక బడికి నడిచి పోయేవాళ్ళం అని. ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"మేడం, మీ బడి ఎంత దూరం ఉండె?"

నేను గొంతు సవరించుకున్నాను. అబద్ధం చెబుదామంటే పిల్ల చేతిలో పెన్సిల్ ఉంది. "మా ఇంటి నుంచి నాలుగు దుకాణాల అవతల" అన్నాను. హాలంతా నవ్వింది. వాళ్ళ టీచర్ కంగారుపడి ఆ పిల్లను కూర్చోమంది. పిల్ల కూర్చుంది కానీ ముందు రాసుకుని మరీ కూర్చుంది. ఆటోలో ఇంటికి వస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. నాకు నాలుగో తరగతి చెప్పిన సుగుణ టీచర్ ఆ హాల్లో ఉంటే, నా ప్రసంగం కాగితం మీద పెద్ద సున్నా చుట్టేది.

మా ఇల్లు వరంగల్ బజారులో, ధాన్యం మార్కెట్‌కు పోయే దారి మీద ఉండేది. ముందు కిరాణా దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో గళ్ళ పరదా. పరదాకు ఇటు వైపు మా తాత రాజేశం రాజ్యం, అటు వైపు బాపమ్మ రాజ్యం. బాపమ్మ అంటే మా నాన్న తల్లి; నాన్నను మేము బాపు అనేవాళ్ళం. మిర్చి సీజన్ వచ్చిందంటే మార్కెట్ నుంచి వచ్చే ఘాటుకు బజారు బజారంతా తుమ్మేది. తుమ్మితే అపశకునమని మిగతా ఊళ్ళలో ఆగేవాళ్ళేమో గాని, మా దగ్గర ఆ లెక్క పెట్టుకుంటే ఆ నెలల్లో ఒక్కరూ గడప దాటేవాళ్ళు కాదు. పెళ్ళిచూపుల్లో పిల్ల తుమ్మినా, పిల్లవాడు తుమ్మినా, పురోహితుడు తుమ్మినా ముహూర్తం మాత్రం ఆగేది కాదు. దుకాణంలోకి వస్తే ఘాటు తగ్గి, బెల్లం, ధనియాలు, చింతపండు, కిరసనాయిలు కలిసిన వాసన మొదలయ్యేది. నా పుస్తకాల సంచి ఎప్పుడూ ఇంగువ వాసన కొట్టేది. పక్కన కూర్చునే పిల్లలు, నేను కొత్త పుస్తకం తెరిస్తే పప్పు పోపు పెట్టినట్టే ఉందనేవాళ్ళు.

తాత తెల్ల ధోవతి, తెల్ల బనియను, భుజాన తువ్వాలతో గల్లా దగ్గర మెత్త మీద కూర్చునేవాడు. ఆయనకు ఒకే ఒక్క గర్వం ఉండేది. "కోడి కూయక ముందే లేచి దుకాణం తెరుస్త. వానకాలం లేదు, చలికాలం లేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అప్పు పెట్టినవాళ్ళకు ఇంకాస్త వివరంగా చెప్పేవాడు. పిల్లలం ఆ సమయానికి ఎలాగూ నిద్రలో ఉంటాం కాబట్టి నమ్మేవాళ్ళం. పెద్దవాళ్ళు మేలుకునే ఉండేవాళ్ళు కానీ, ఆ మాట విన్నప్పుడల్లా వాళ్ళకు ఏదో ఒక పని గుర్తొచ్చి లోపలికి పోయేవాళ్ళు. అందులో అర్థం ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

మా బడి ఒక పాత పెంకుటిల్లు. మూడో తరగతి, నాలుగో తరగతి ఒకే హాల్లో, వీపు వీపు ఆనించి కూర్చునేవి. అంతకు ముందున్న ముసలి పంతులు మాకు వ్యాసరచన అంటే ఒకటే నేర్పాడు: ఆవు సాధుజంతువు, ఆవుకు నాలుగు కాళ్ళు ఉండును, ఆవు పాలు ఇచ్చును. హాలు మొత్తం అదే రాసేది, ఒకే చోట తప్పులు కూడా చేసేది. ఆయన రిటైరయ్యాక రఘునాథపల్లి నుంచి సుగుణ టీచర్ వచ్చింది. పొద్దున్నే బస్సులో దిగి, టిఫిన్ డబ్బా చేతిలో ఊపుకుంటూ, దారిలో కనపడ్డ ప్రతి బోర్డూ పెదవులు కదుపుతూ చదువుకుంటూ వచ్చేది. మిర్చి బజ్జీలు కొంటే ముందు బజ్జీలు కట్టిన కాగితం చదివేది, తర్వాతే బజ్జీ తినేది. బజారు వాళ్ళకు ఆమె కొంచెం తేడాగా అనిపించింది. మాకూ అంతే.

మొదటి రోజు ఆమె మా పుస్తకాలన్నీ చూసి, ఆవులన్నీ చదివి, తలెత్తి అడిగింది.

"మీల ఎవలింట్ల ఆవున్నది?"

ఎవరూ చెయ్యెత్తలేదు.

"మరి గీ ఆవును ఎవలు చూసి రాసిన్రు?"

యాకలక్ష్మి అనే పిల్ల లేచింది. వాళ్ళది పాల వ్యాపారం. "టీచర్, మా ఇంట్ల బర్రె ఉన్నది."

"సరే, బర్రె చెప్పు. సాధుజంతువేనా?"

"కాదు టీచర్. మా చిన్నాయిన పాలు పిండవోతే తన్నుతది. మా అమ్మ పోతే తన్నది."

"గదే రాయి."

యాకలక్ష్మి మా అందరి వైపు చూసింది. తన్నడం లాంటిది పుస్తకంలో రాయవచ్చని మాలో ఎవరికీ తెలియదు. చివరికి ధైర్యం చేసి, పంతులు నేర్పిన మర్యాద పోకుండా, "మా బర్రె మా చిన్నాయనను తన్నును. మా అమ్మను తన్నదు" అని రాసింది. మా బడిలో పుట్టిన మొదటి నిజం అదే. టీచర్ అది గట్టిగా చదివి, "ఇప్పుడు సదివెటోళ్ళకు ఏం అడుగబుద్ధి అయితది?" అంది. "ఎందుకు తన్నదు అని" అన్నాం అందరం. "అయితే రేపు అది చూసుకోని రా" అంది. మర్నాడు యాకలక్ష్మి జవాబు తెచ్చింది: అమ్మ పిండేముందు బర్రె మెడ కింద గోకుతుంది, చిన్నాయన గోకడు. ఆ వారం పొడుగునా ఆ చిన్నాయన బజారులో తలవంచుకుని నడిచాడు.

చదవడం కూడా మాకు కొత్తగా నేర్పాల్సి వచ్చింది. మేము అచ్చులో ఉన్న దేన్నయినా ప్రార్థన గీతంలా సాగదీసి చదివేవాళ్ళం. టీచర్ ఒక సంచి నిండా సబ్బు కాగితాలు, విత్తనాల ప్యాకెట్లు, దగ్గు మందు సీసాలు, పెళ్ళి పత్రికలు పట్టుకొచ్చింది. నిర్మల అనే పిల్ల దగ్గు మందు సీసా మీది మాటలను రాగం తీసి మొదలుపెడితే ఆపింది. "ఇది పాట కాదు బిడ్డా. నీ చెల్లెకు దగ్గు వచ్చింది అనుకో. నీకు ఇందుల ఏం కావాలె? ముందు అది అనుకో. తర్వాత దేవులాడు." నిర్మల దేవులాడి, అంటే సీసా అంతా వెతికి, చిన్నపిల్లలకు ఎంత పొయ్యాలో చదివింది, రాగం లేకుండా. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ సాయంత్రం వాళ్ళ తాత అజీర్తి మందు తాగుతుంటే సీసా లాక్కుని చదివి, "బాగా కలిపి తాగాలె అని ఉన్నది, నువ్వు కలుపుతలేవు" అందట. బజారులో పెద్దవాళ్ళకు సుగుణ టీచర్ మీద మొదటి అనుమానం అక్కడ పుట్టింది.

ఒకసారి జడ ఎలా వేయాలో రాయమంది. మేమంతా అరనిమిషంలో రాసేశాం: జుట్టు దువ్వి, మూడు పాయలు చేసి, వేయవలెను. టీచర్ యాకలక్ష్మిని ముందు నిలబెట్టుకుని, మేము రాసినట్టే దువ్వి, మూడు పాయలు చేసి, వేసింది. అంటే చేతిలోంచి కింద వేసింది. మూడు పాయలూ విడిపోయి భుజాల మీద పడ్డాయి. "మీరు రాసినట్లనే చేసిన కద" అంది అమాయకంగా. "నేను రఘునాథపల్లి దాన్ని. మీ ఇంటికి ఎన్నడు రాలే. నువ్వు రాసింది సదివితే నాకు కండ్ల ముందట కనవడాలె." మేము మళ్ళీ రాశాం. ఏ పాయ మీదికి ఏ పాయ పోతుందో రాయడానికి ఆ పూటంతా పట్టింది. అంత చేసినా మా జడలు ఆమె చేతిలో చింపిరిగానే వచ్చాయి. కొంత తప్పు ఆమెది కూడా అని నాకు ఇప్పటికీ అనుమానం. ఆమె జడ కూడా ఎప్పుడూ ఒక పక్కకే ఉండేది.

అలాంటి రోజుల్లో ఆమె ఒక శనివారం, మీ ఇంట్లో జరిగే పని ఒకటి రాసుకు రండి అంది. నాకు ఆలోచించాల్సిన అవసరమే లేదు. మా ఇంట్లో జరిగే పనుల్లో పేరున్న పని ఒకటే. తాత దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయనకు ఎంత సంతోషమైందంటే, ఇద్దరు గిరాకీలను అలాగే నిలబెట్టి, మెత్త మీద సర్దుకుని కూర్చుని, మామూలుగా మాట్లాడే భాష కూడా మార్చేశాడు. "రాసుకో. సూర్యుడు ఉదయించక ముందే రాజేశం గారు నిద్ర లేచి, స్వహస్తములతో దుకాణము తెరుచును." నేను స్వహస్తములతో రాసుకున్నాను.

సోమవారం టీచర్ అది చదివింది. "మంచిగున్నది. నువ్వు చూసినవా?"

"లేదు టీచర్. తాత చెప్పిండు."

"చెప్పింది రాస్తే 'తాత చెప్పిండు' అని రాయి. చూసింది రాస్తే 'చూసిన' అని రాయి. రెండు కలపకు."

తర్వాత నేను బతుకంతా పత్రికాఫీసుల్లో గడిపాను. పెద్ద పెద్ద ఎడిటర్ల కింద పనిచేశాను. అంతకన్నా మంచి పాఠం ఒక్కరూ చెప్పలేదు. కానీ ఆ రోజు నాకు అనిపించింది ఒక్కటే, రేపు చీకటితో లేవాలి కదా అని.

అమ్మను లేపమని చెప్పి పడుకున్నాను. ఆమె లేపింది కానీ, ఎందుకో విని ఒక్క క్షణం నా మొహం చూసి బావి దగ్గరికి పోయింది. నేను పరదా పక్కన ధాన్యం బుట్ట మీద కూర్చున్నాను. దుకాణం తలుపులు అప్పట్లో నిలువు పలకలు, ఒక దాని పక్కన ఒకటి గాడిలో దిగేవి. బాపమ్మ లాంతరు పట్టుకుని వచ్చింది. కొంగు నడుముకు దోపి, మొదటి పలక ఎత్తి, భుజానికి ఆనించి, గోడ వారగా పెట్టింది. తర్వాత రెండోది. చివరి పలక కొంచెం బిగుసుకునేది, దాన్ని మోకాలితో ఒక్క పోటు పొడిచింది. ఊడ్చింది, ముందట పేడనీళ్ళ సాంపి చల్లింది, కాంటా పళ్ళాలు తుడిచింది, తూకం బాట్లు పెద్దది మొదలు చిన్నది దాకా వరసలో పెట్టింది, బెల్లం మీది గోనె తీసి చీమలను మందలించింది. మార్కెట్ హమాలీలు వచ్చి చాయపత్తి, అగ్గిపెట్టె అడిగితే ఇచ్చింది. బోణీ తన చేత్తోనే చెయ్యాలని తాత అనేవాడు. ఆ బోణీ కూడా ఆమె చేతి మీదుగానే జరిగింది. వెలుతురు బాగా వచ్చాక తాత స్నానం చేసి, విభూతి పెట్టుకుని, చాయ తాగి వచ్చి మెత్త మీద కూర్చున్నాడు. అప్పటికే బాపమ్మ పరదా లోపలికి వచ్చేసింది. ఎదురుగా బట్టల దుకాణం ఆయన, అంటే నిర్మల తాత, అప్పుడే తాళం తీస్తున్నాడు. మా తాత గట్టిగా అన్నాడు: "ఇయ్యాల జర పొద్దుగాలనే తెరిచిన."

బాపమ్మ నన్ను చూసింది. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఇంత పొద్దుగాల ఎందుకు లేసినవు? పో, మొకం కడుక్కో" అని పొయ్యి దగ్గరికి పోయింది.

నేను రెండూ రాశాను. తాత చెప్పిన ప్రకారం ఇది, నేను చూసిన ప్రకారం ఇది. పని మొదలుపెట్టాను కదా అని, మధ్యాహ్నం తాత మిరపకాయల బస్తా మీద నిద్రపోతాడనీ, మొహం మీది తువ్వాల లేచి పడుతూ ఉంటుందనీ కూడా రాశాను. టీచర్ దాన్ని హాల్లో దారానికి వేలాడదీసింది. నిర్మలకు రాగం లేకుండా చదవడం అప్పటికి బాగా వచ్చింది. మొత్తం కంఠతా పట్టి ఇంటికి పోయి అప్పజెప్పింది.

మర్నాడు బట్టల దుకాణం ఆయన వీధికి అటు నుంచి ఇటు వినపడేటట్టు అడిగాడు. "సేటూ, మిర్చి బస్తా మెత్తగ ఉంటాందా?" సాయంత్రానికి హమాలీలు, బండ్ల వాళ్ళు, ఆఖరికి చింతపండు అమ్మడానికి వచ్చిన పల్లెటూరి వాళ్ళు కూడా అదే అడుగుతున్నారు. తాత అరవలేదు, కొట్టలేదు. భుజం మీది తువ్వాల తీసి మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచి, మా బాపుతో అన్నాడు. "ఇంట్ల ముచ్చట బజార్ల పెట్టేది ఏం సదువు? పద్మకు రేపటి సంది బడి బంద్."

బాపు తాత ముందు మాట్లాడే మనిషి కాదు. అమ్మకు ఆ అవకాశమే లేదు. మా మేనత్తలెవరూ నాలుగో తరగతి దాటలేదు. ఒకామె బడి మానేసింది మీజిల్స్ వచ్చిందని, ఒకామె మానేసింది తమ్ముడు పుట్టాడని. కారణం ఎంత చిన్నదైనా ఆడపిల్ల బడి ఒకసారి మానితే మళ్ళీ మొదలయ్యేది కాదని నాకు ఆ వయసులోనే తెలుసు. నేను చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. బడి ప్రార్థన ఇంటి దాకా స్పష్టంగా వినపడేది. నేను లేకపోయినా అది అదే శ్రుతిలో సాగడం నాకు చాలా అన్యాయంగా తోచింది. అన్నిటికన్నా బాధ బాపమ్మ మాట. "గట్ల ఎందుకు రాస్తివి బిడ్డా? నేనేమన్న అడిగిన్నా?" అంది, కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. ఆమె కోసం రాశానని నేను అనుకున్నాను. ఆమె అడగలేదన్నది కూడా నిజమే.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం బడి వదిలాక సుగుణ టీచర్ మా దుకాణానికి వచ్చింది. చేతిలో నేను రాసిన కాగితం, ఎర్ర పెన్సిల్. బాపు అప్పుడే మార్కెట్ నుంచి వచ్చి ఒక పక్క నిలబడ్డాడు. నేను పరదా సందులోంచి చూస్తున్నాను, నా వెనక బాపమ్మ.

"సేటూ, పద్మ బడికి వస్తలేదు. పానం బాగలేదా?"

"పానం మంచిగనే ఉన్నది టీచరమ్మా. సదువే బాగలేదు" అన్నాడు తాత.

"నేను గదే ఫికర్ తోటి వచ్చిన" అంటూ ఆమె బల్ల మీద కూర్చుంది. "పిల్ల రాసిన దాంట్ల తప్పున్నదని అంటాన్రు. తప్పుంటే దిద్దాలె, అది నా పని. ఏడ తప్పో మీరు చెప్పుండ్రి, కొట్టేస్త."

తాత పోట్లాటకు సిద్ధంగా ఉన్నాడు, బతిమాలితే కాదనడానికి ఇంకా సిద్ధంగా ఉన్నాడు. తప్పులు దిద్దమని అడుగుతారని మాత్రం అనుకోలేదు. తూకంలో ఆవగింజంత తేడా వస్తే మళ్ళీ జోకే మనిషి ఆయన. కళ్ళజోడు పెట్టుకున్నాడు. "సదువుండ్రి."

"'మధ్యాహ్నం మా తాత మిరపకాయల బస్తా మీద నిద్రపోతాడు.'"

"అబద్ధం" అన్నాడు తాత వెంటనే. "మిర్చి బస్తా మీద మనిషన్నోడు పండుకుంటడా? కండ్లు మండి సావడా? అది ధనియాల బస్తా."

టీచర్ మిరపకాయలు కొట్టేసి ధనియాలు రాసింది. "నిద్రపోతాడు అన్నది?"

"నిద్ర కాదు. జర కన్ను మూస్త, గంతే."

"'మొహం మీది తువ్వాల లేచి పడుతూ ఉంటుంది.'"

దుకాణం ముందు నిలబడ్డ హమాలీ ఒకడు దగ్గినట్టు చేశాడు. తాత అతన్ని చూసి, కాగితాన్ని చూసి, "తువ్వాల ముచ్చట ఉండనియ్యుండ్రి. అది గాలికి లేస్తది" అన్నాడు. టీచర్ గంభీరంగా, 'గాలికి అని తాత చెప్పాడు' అని పక్కన రాసింది. మా తాతకు అప్పటికి పని బాగా పట్టుబడింది. కాంటా అని రాయాల్సిన చోట తక్కెడ అని రాశాననీ, చాయపత్తి పేరు తప్పు రాశాననీ వరసగా దిద్దించాడు. మొహంలో కోపం పోయి శ్రద్ధ వచ్చింది. అప్పుడు టీచర్ కింది పేరాకు వచ్చింది.

"'నేను చూసిన ప్రకారం, దుకాణం పలకలు మా బాపమ్మ తీస్తుంది. ఊడ్చి, కాంటా తుడిచి, బాట్లు పేర్చి, బోణీ చేస్తుంది. అంతా అయ్యాక తాత వస్తాడు.'" ఆమె పెన్సిల్ ఆ వాక్యం మీద ఆనించి ఆగింది. "ఇది తప్పా సేటూ? కొట్టెయ్యాల్నా?"

నా వెనక గాజులు చప్పుడు చేశాయి. బాపమ్మ, బయటివాళ్ళుండగా పరదా దాటి ఎన్నడూ గొంతు వినిపించని మనిషి, గట్టిగానే అంది. "కొట్టెయ్యమనుండ్రి. పలకలు ఎవలు తీస్తే ఏంది? పిల్ల బడికి పోతే సాలు."

తాత గోడకు ఆనించిన పలకల వైపు చూశాడు. అక్కడ ఏదో లెక్క కుదరనట్టు చాలాసేపు చూశాడు.

"తప్పు లేనిది ఎట్ల కొట్టేస్తరు?" అన్నాడు చివరికి. "ఉండనియ్యుండ్రి."

వేరే టీచరైతే అక్కడితో దండం పెట్టి లేచిపోయేది. సుగుణ టీచర్ లేవలేదు. "ఇంకొకటి తక్కువున్నది సేటూ. మీ పేరు రాసింది, రాజేశం అని. బాపమ్మ అంటే ఎవలని తెలుస్తది సదివెటోళ్ళకు? పద్మా, ఇటు రా. మీ బాపమ్మ పేరేంది?"

నేను పరదా బయటికి వచ్చి నోరు తెరిచి, అలాగే నిలబడ్డాను. నాకు తెలియదు. అమ్మ ఆమెను అత్తమ్మా అంటుంది, బాపు అవ్వా అంటాడు, బజారు సేటమ్మ అంటుంది, తాత ఇగో అంటాడు, కోపమొస్తే విన్నవా అంటాడు. ఆమె పక్కలో పడుకుని పెరిగిన పిల్లను, ఆమెకు ఒక పేరుంటుందన్న ఆలోచనే నాకు ఎన్నడూ రాలేదు. బాపు వైపు చూశాను. తండ్రి ముందు తల్లి పేరు పలకలేక ఆయన నేల చూశాడు.

"నా పేరెందుకు?" అంది బాపమ్మ లోపలి నుంచి, నవ్వబోయి. "పేరు పెట్టి పిలిచెటోళ్ళు మా అవ్వగారింట్ల ఉండిరి, వాళ్ళు పోయిన్రు."

తాత కాంటా పళ్ళెం చేతిలోకి తీసుకుని, శుభ్రంగానే ఉన్నదాన్ని తువ్వాలతో తుడిచాడు. దాన్ని చూస్తూనే అన్నాడు.

"మాణిక్యం."

పరదా వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. ఆయన దగ్గి, టీచర్ వైపు తిరిగి, దుకాణంలో మాట్లాడే గొంతుతో, "మాణిక్యమ్మ అని రాసుకోండ్రి" అన్నాడు.

మర్నాడు నేను బడికి పోయాను. ఆ తర్వాత మా ఇంట్లో గొప్ప మార్పులు వచ్చాయని రాస్తే సుగుణ టీచర్ నేర్పిన చదువుకు మచ్చ. తాత పొద్దెక్కే దాకా పడుకోవడం మానలేదు, బాపమ్మ పలకలు తీయడం మానలేదు. మారింది ఒక్క అక్షరం. ఎదురుదుకాణం ఆయనతో "తెరిచిన" అనేవాడు కాస్తా "తెరిచినం" అనడం మొదలుపెట్టాడు. తరగతి పిల్లలు ఏ వస్తువు ఎక్కడి నుంచి వస్తుందో అడగడానికి దుకాణానికి వస్తే, మెత్త మీద సర్దుకుని, "సేటు చెప్పిన ప్రకారం అని రాసుకోండ్రి" అని ముందే హెచ్చరించేవాడు. నన్ను ఐదు దాటించాడు, పది దాటించాడు, కాలేజీకి పంపాడు. ఎవరైనా ఆశ్చర్యపోతే, దాన్ని ఇంట్లో పెట్టుకుంటే ఇంకేం రాస్తదో అనేవాడు. సుగుణ టీచర్‌ను మరిపెడకు బదిలీ చేశారు. తర్వాత ఆమె నాకు కనపడలేదు. మా దుకాణం ఉన్న చోట ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఒక కుర్రవాడు బటన్ నొక్కితే షట్టర్ దానంతటది లేస్తుంది. ఎవరు తెరిచారన్న పేచీయే లేదు. ఇప్పటి పిల్లలు సమాచారం కోసం దేవులాడాల్సిన పని లేదు, అదే వాళ్ళను దేవులాడుకుంటూ వస్తుంది. ఏనుగు మీద రాయమంటే ఫోన్లో చూసి, ఏనుగు కూడా ఎరగని సంగతులు రాసుకొస్తారని టీచర్లు వాపోతున్నారు. ఇంట్లో కుక్కర్ ఎన్ని కూతలకు దింపుతారో రాయమంటే మాత్రం తలలు గోక్కుంటారట. మేము వాళ్ళకన్నా తెలివైనవాళ్ళమేమీ కాదు. ఎటూ పోనివ్వకుండా ముందు నిలబడి, నువ్వు చూసినవా అని అడిగే మనిషి మాకు దొరికింది.

టీచర్ మా దుకాణానికి వచ్చిన ఆ వారమే, దిద్దిన వ్యాసాన్ని నేను తిరగరాశాక, శనివారం దాన్ని తరగతిలో చదవమంది. ఇంట్లో ఎవరినైనా తీసుకురమ్మంది. తాత తనకు గిరాకీ ఉందన్నాడు. బాపమ్మ రానంది, బడికి నేనెందుకంది, ఆ తర్వాత ఇస్త్రీ మడత చీర కట్టుకుని వచ్చింది. పిల్లల బల్ల మీద, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేటట్టు ముడుచుకుని కూర్చుంది. నేను చదువుతుంటే ఎవరో చిన్నపిల్లల గొడవ వింటున్నట్టు కిటికీ బయటికే చూసింది. అయిపోయాక పిల్లలు చప్పట్లు కొడితే, ఏం చెయ్యాలో తెలియక తనూ కొట్టింది.

ఇద్దరం బయటికి వచ్చాం. ఆమె ఇంటి వైపు తిరగకుండా, కూరగాయలు కొనాలంటూ నన్ను మార్కెట్ సందులోకి తీసుకుపోయింది. కూరగాయలు కొనలేదు. మనుషులు తక్కువున్న చోట ఒక మూసిన దుకాణం అరుగు చూసి కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ కాయిదం ఏది? జర మల్ల సదువు" అంది.

నేను మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆమె నా మోచెయ్యి మీద తట్టింది.

"మొత్తం వద్దు బిడ్డా. ఆ పేరున్న కాడ సదువు."